నాలుగు వందల రూపాయల బోర్డు, నమాజు వేళల లెక్క

మసీదు గోడ మీద ఎర్ర అంకెలతో నమాజు వేళలు చూపించే డిజిటల్ బోర్డును మనం రోజూ చూస్తూనే ఉంటాం. అలాంటిదే చిన్నది ఒకటి తొమ్మిది, పది తరగతుల పిల్లలు సొంతంగా తయారు చేయగలరంటే చాలామంది నమ్మరు. కానీ దానికి కావలసిన చదువు వాళ్ళ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. సామాను వెయ్యి రూపాయల చుట్టుపక్కల వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. పాకాల దాదాపు 79.1 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి, సగటున మనకు సూర్యుడు నడిమింటికి వచ్చేది 12 గంటల పదమూడున్నర నిమిషాలకు. అదైనా రోజూ ఒకేలా ఉండదు. భూమి కక్ష్య కొంచెం కోలగా ఉండడం, ఇరుసు వంగి ఉండడం వల్ల నవంబరు మొదటి వారంలో 11.57కే వస్తాడు, ఫిబ్రవరి రెండో వారంలో 12.28కి గాని రాడు. జొహర్ వేళ ఏడాదిలో అరగంట అటూ ఇటూ జరగడానికి కారణం ఇదే. అసర్‌కు నీడ కొలత కావాలి. మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు ఎత్తుకు రెండింతల నీడ పడేటప్పుడు హనఫీల ప్రకారం, ఒకింత నీడకే షాఫయీల ప్రకారం అసర్ మొదలవుతుంది. ఇక్కడ పదో తరగతి త్రికోణమితి పనికొస్తుంది. బడి ఆవరణలో ఒక కర్ర పాతి నీడ కొలిస్తే లెక్క సరిపోయిందో లేదో పిల్లలకే తెలిసిపోతుంది.

ఫోన్లో యాప్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారున్నారు. యాప్ వేళ చెప్పి ఊరుకుంటుంది. ఆ వేళ ఎందుకు మారిందో దాన్ని అడగలేం.

ఇక సామాను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు ఒక సంగతి గమనించారు. కంప్యూటర్ చదువుకు వచ్చే పిల్లల సంఖ్య, నేర్పు రెండూ తగ్గుతున్నాయి. ఇంట్లో ఉన్న ఖరీదైన యంత్రాన్ని విప్పి చూసే చనువు పిల్లలకు లేకుండా పోయింది. 2012 ఫిబ్రవరి 29న వాళ్ళు విడుదల చేసిన రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటర్ ఒకే బోర్డు మీద ఉంటుంది. అప్పట్లో దాని ధర 35 డాలర్లు. 2021లో పికో అనే మరీ చిన్న బోర్డు 4 డాలర్లకు వచ్చింది. మన దగ్గర నాలుగు వందల రూపాయలకు అటూ ఇటూ దొరుకుతుంది. ఇది పూర్తి కంప్యూటర్ కాదు. మనం రాసిచ్చిన ఒక్క పనిని అలసట లేకుండా చేసుకుపోతుంది, నమాజు బోర్డుకు అంతే చాలు. కరెంటు పోతే పికో టైము మరిచిపోతుంది. అందుకని డీఎస్ 3231 అనే చిన్న గడియారపు చిప్పును నాణెం బ్యాటరీతో జత చేస్తారు. ఏడాదికి ఒకటి రెండు నిమిషాలకు మించి తప్పదు.

ఫోన్ ఛార్జరుతో నడుస్తుంది కాబట్టి షాక్ కొట్టే భయం లేదు. (దీన్ని బోరు మోటారు స్టార్టరుకు తగిలిస్తామని పిల్లలు ఉబలాటపడతారు. ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా వద్దు.)

ఈ విద్య మనకు కొత్త కాదు. నేటి తుర్కియేలోని దియార్‌బకిర్ ప్రాంతాన్ని ఏలిన అర్తుఖీ సుల్తానుల దగ్గర పనిచేసిన అల్ జజరీ 1206లో ముగించిన గ్రంథంలో ఒక నీటి గడియారం ఉంది. కాలాన్ని బట్టి పగటి గంటల నిడివి పెరిగినా తగ్గినా దానికి తగ్గట్టు సవరించుకునే ఏర్పాటు అందులో ఉంది. మన పిల్లలు పికోలో రాసేదీ ఆ సవరణే.

ఇప్పుడు దాతలతో ఒక మాట. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల కోసం ఎంపికైన బడులకు 20 లక్షల వరకు ఇస్తోంది. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ పేద పిల్లల కోసం మొయినాబాద్‌లో కోడింగ్ అకాడమీ నడుపుతోంది, దానికి రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ తోడ్పడుతోంది. మనకు అంత అవసరం లేదు. పదిమంది పిల్లలు, పదిహేను బోర్డులు, ఆదివారం పొద్దున గంటన్నర ఉంటే చాలు. ఆ అదనపు ఐదు ఎందుకంటే కాలిపోతాయి కనుక. 3.3 వోల్టుల పిన్నుకు 5 వోల్టులు ఇస్తే బోర్డు పోవచ్చు, నేర్చుకునేవాళ్ళలో ఒకరిద్దరు తప్పకుండా ఇస్తారు. చాలాచోట్ల సామాను బీరువాలోంచి బయటికి రాకపోవడానికి కారణం, పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే. పాడైనా ఫరవాలేదని ఇచ్చేవారే ముందుగా చెబితే ఆ తాళం తెరుచుకుంటుంది. బోర్డును పిల్లలు ఇంటికి తీసుకెళ్ళనివ్వాలి కూడా. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే క్లాసుకు రాలేని వారం వాళ్ళు ఇంట్లోనే చేసుకోగలరు.

జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చా అన్నది ఆలిములు చెప్పాల్సిన మాట. సదకా, లిల్లాహ్ నిధులతో మొదలుపెడితే ఆ చిక్కు రాదు. పిల్లలు చేసిన బోర్డును ఇమామ్ సాహెబ్ దగ్గరున్న వేళల పట్టికతో ఒక నెలయినా సరిచూశాకే గోడకు తగిలించాలి.

పికోలోకి ప్రోగ్రాం ఎక్కించడానికి ఒక కంప్యూటర్ కావాలి. పాతదైనా, నెమ్మదిగా నడిచేదైనా సరిపోతుంది. మీ ఇంట్లో మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే సొసైటీకి పంపండి. ఛార్జరు కూడా మరవకండి.