పాల వ్యాను బ్రేకు పెడలు గట్టిపడితే – సంఘాలకు ఒక పాఠం

సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు పాల వ్యానును గురించి సాధారణంగా రెండే సంగతులు విచారిస్తారు. వేళకు వచ్చిందా? క్యాన్లు లెక్కకు సరిపోయాయా? మూడవది కూడా అడగవలసి ఉన్నది. బ్రేకు సరిగా ఉన్నదా? "పెడలు కాస్త గట్టిగా ఉందండి, అలవాటైపోయింది" అనే మాట మేము తనిఖీలకు వెళ్ళినచోట వింటూనే ఉంటాము. అది అలవాటు పడవలసిన సంగతి కాదు. 40 లీటర్ల క్యాన్లు 20 ఎక్కిస్తే పాల బరువే 820 కిలోలు దాటుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. మన డెల్టాలో రోడ్డుకు ఒక ప్రక్క కాలువ, రెండవ ప్రక్క బడికి పోయే పిల్లలు. అక్కడ ఆ ఒక్క సెకను చాలా విలువైనది.

పెడలును తేలిక చేసేది ఏది?

చిన్న వ్యానులలో పెడలుకు, మాస్టర్ సిలిండరుకు నడుమ గుండ్రని డబ్బా ఒకటి ఉంటుంది. దానినే బూస్టరు అంటారు. దానిలోపల రబ్బరు పొర ఉంటుంది. పొరకు ఇరుప్రక్కల గాలి తీసివేసి ఉంటుంది. పెడలు తొక్కగానే ఒక ప్రక్కకు బయటి గాలి ప్రవేశించి పొరను ముందుకు నెడుతుంది. పొర వ్యాసం 8 అంగుళాలైతే వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 10 పౌన్ల తేడా ఉన్నా మొత్తం 500 పౌన్లు, అనగా రమారమి 225 కిలోల బలం కాలికి తోడవుతుంది. ఈ తోడు పోతే పెడలు రాయిలా ఉంటుంది.

పాలు పితికే యంత్రం చూచినవారికి ఇది కొత్త కాదు. గొట్టంలో చిన్న చీలిక ఉంటే చాలు, పీల్పు తగ్గి కప్పులు జారిపోతాయి. ఇక్కడా అంతే. పెట్రోలు ఇంజనులో ఈ పీల్పు ఇంజను నుండే వస్తుంది. డీజిలు ఇంజనులో అందుకు వేరే వాక్యూం పంపు ఉంటుంది. కొన్ని బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటరు వెనుకనే ఉంటుంది. అటువంటి బండిలో ఛార్జింగు దీపం వెలిగి పెడలు కూడా గట్టిపడితే ముందుగా బెల్టు చూడవలెను.

పనిముట్లు లేకుండా మూడు పరీక్షలు

బండిని చదునైన చోట నిలిపి, హేండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టవలెను.

1. ఇంజను ఆపి పెడలును అయిదారుసార్లు తొక్కండి. గట్టిపడుతుంది. కాలు తీయకుండా ఇంజను స్టార్టు చేయండి. పెడలు కొద్దిగా క్రిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్లే. దిగకపోతే పీల్పు అందడం లేదు, లేదా బూస్టరు చెడినది.

2. ఇంజను రెండు నిమిషాలు నడిపి ఆపండి. పెడలును నిదానంగా మూడుసార్లు తొక్కండి. మొదటిసారి లోతుగా దిగి, తరువాత ప్రతిసారీ ఎత్తులో ఆగవలెను. మొదటిసారే గట్టిగా ఉంటే పీల్పు నిలవడం లేదు.

3. ఇంజను నడుస్తుండగా పెడలు తొక్కిపట్టి, ఇంజను ఆపి, 30 సెకన్లు అలాగే ఉంచండి. పెడలు కాలిని పైకి నెడితే బూస్టరు లోపల గాలి కారుతున్నది.

మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖర్చు తక్కువైన చోట. ముందు రబ్బరు గొట్టం చూడండి. చీలిక, మెత్తబడి అణగిపోవడం, క్లిప్పు వదులు కావడం, "సుయ్" మనే శబ్దం గమనించండి. తరువాత ఆ గొట్టంలోని వాల్వు. దానిని ఊడదీసి బూస్టరు వైపు నుండి ఊదితే గాలి పోవాలి, ఇంజను వైపు నుండి ఊదితే పోరాదు. రెండువైపులా పోయినా, ఎటూ పోకపోయినా మార్చవలసిందే. ఇవి బాగుంటే మెకానిక్కు గేజి పెట్టి పంపును పరీక్షిస్తాడు. బూస్టరు వంతు చివర. గొట్టంలో బ్రేకు ఆయిలు కనిపిస్తే మాస్టర్ సిలిండరు సీలు కూడా పోయినదని గ్రహించవలెను.

మూడు పరీక్షలూ నెగ్గి కూడా పెడలు గట్టిగా ఉంటే దోషం వేరేచోట ఉన్నది. పెడలు కీలు తుప్పుపట్టి ఉండవచ్చును. వానకాలపు నీళ్ళలో తిరిగే బండ్లకు, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలే బండ్లకు చక్రాల దగ్గర పిస్టన్లు బిగుసుకుపోతాయి. ట్రిప్పు కాగానే ఒక చక్రం మిగిలినవాటికన్నా బాగా వేడెక్కిఉంటే అది దాని గుర్తు. బ్రేకు ఆయిలుకు బదులు ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. అప్పుడు గొట్టాలు కడిగి, రబ్బరు భాగాలన్నీ మార్చక తప్పదు.

డ్రైవరుకు చెప్పవలసినవి

డీజిలు మిగులుతుందని వంతెన దిగుడులో ఇంజను ఆపడం కొందరికి అలవాటు. మన చదును నేలలో దిగుడులంటే వంతెనల దగ్గర, ఏటిగట్ల దగ్గరే. 1974లో ప్రారంభమైన కొవ్వూరు–రాజమండ్రి రోడ్డు రైలు వంతెన దిగేటప్పుడైనా, చిన్న కాలువ వంతెన దిగేటప్పుడైనా ఇంజను ఆపరాదు. ఆపితే బూస్టరులో మిగిలిన పీల్పు రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. మిగిలే డీజిలు గుక్కెడు, పోయేది ప్రాణం.

దారిలో పెడలు గట్టిపడితే పదేపదే తొక్కరాదు. బ్రేకు పూర్తిగా పోలేదు, కాలికి తోడు మాత్రమే పోయింది. బలమంతా పెట్టి ఒకే తొక్కుగా నొక్కి ఉంచాలి. గేరు తగ్గించి, హేండ్ బ్రేకు మెల్లగా వేసి, బండిని ప్రక్కన ఆపాలి. మరమ్మతు కానిదే కదలరాదు.

సంఘం బాధ్యత

పాలు ఆలస్యమవుతాయని భయపడి డ్రైవరు చెడిన బండినే తోలుతాడు. ఆ భయాన్ని తీసివేయవలసినది పాలకవర్గం. ఉదయపు ట్రిప్పుకు ముందు మొదటి పరీక్ష చేసి లాగ్‌బుక్కులో వ్రాయించండి. బ్రేకు ఫిర్యాదు వచ్చిన బండి ఆగిపోవాలని, ఆ పూటకు బదులు బండి ఏర్పాటు చేయాలని, ఆలస్యానికి డ్రైవరుపై జరిమానా వేయరాదని తీర్మానం చేసి, రవాణా ఒప్పందంలో చేర్చండి. బల్క్ కూలరు ఉన్న సంఘంలో పాలు 4 డిగ్రీలలో నిలిచి ఉంటాయి కనుక వ్యవధి దొరుకుతుంది. కూలరు లేని సంఘాలు పొరుగు సంఘంతో ముందే మాట్లాడి ఉంచుకోవలెను.

ఒక పూట పాలు విరిగితే ఆ నష్టాన్ని సభ్యులందరూ పంచుకోగలరు. ఒక డ్రైవరు ఇంటికి రాకపోతే ఆ నష్టాన్ని ఆ ఇల్లు ఒక్కటే మోయవలసి వస్తుంది. ఈ పాఠాన్ని వచ్చే సమావేశంలో డ్రైవర్ల ఎదుట చదివి, మొదటి పరీక్షను వారిచేతనే చేయించవలసిందిగా కోరుతున్నాము.