వైశాఖంలో నూతిలోకి చూడు

బరంపురం

అమ్మడూ,

నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పిన రోజే అటక మీది పెట్టె దింపించి నా ఫీల్డు పుస్తకాలు బయటికి తీశాను. నలభై రెండేళ్ళవి. మొదట ఖనిజాల వెంట తిరిగాను, తరవాత నీళ్ళ వెంట, ఆఖర్న పర్యావరణ నివేదికల వెంట. మూడూ వేర్వేరు పనులనుకున్నాను చాలాకాలం. ఈ గంజాం జిల్లా నేల మీద అవి ఒకటే పని. నిన్ను ముందు ఈ తీరానికే పంపుతారని విన్నాను కనక నాకు తెలిసింది రాస్తున్నాను.

పడమట కొండల్లో నీకు ఖొండలైటు ఎక్కువగా తగులుతుంది. అక్కడి కోందు ఆదివాసుల పేరే ఆ రాయికి పెట్టారు. పైన మెత్తగా, లోతుగా చివికి ఉంటుంది కాబట్టి బోరు వేయించే రైతుకు ఆశ పుడుతుంది. కాని అది చివికితే బంకమట్టే ఎక్కువ. బంకమట్టి నీటిని దాచుకుంటుందే గాని వదలదు. చార్నొకైటు రాయి అలా కాదు, పగులు దొరికితేనే నీరు. తప్తపాణి బుగ్గ దగ్గర గంధకం వాసన వేసే ఆ వేడినీళ్ళు కూడా ఎంతో లోతు పగుళ్ళలో తిరిగి పైకొచ్చినవే. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని చూపించాను, గుర్తుందో లేదో.

ఆ కొండరాళ్ళే అరిగి, ఏళ్ళూ పూళ్ళూ వానల్లో కొట్టుకొచ్చి సముద్రంలో పడ్డాయి. బరువైన గింజల్ని అలలు చెరిగి ఒడ్డున పోశాయి. ఛత్రపురం దగ్గర ఒకప్పటి ఇండియన్ రేర్ ఎర్త్స్, ఇప్పటి ఐఆర్ఈఎల్ సంస్థ తవ్వుతున్న ఇసుక అదే: ఇల్మనైటు, రూటైలు, జిర్కాను, గార్నెట్, సిల్లిమనైటు, థోరియం ఉన్న మోనజైటు. దిబ్బల మధ్య మడుగు చేసి, అందులో డ్రెడ్జరును తేలేసి, ఇసుక లాగి, బరువు గింజలు వేరుచేసి, మిగిలిన ఇసుకను వెనక్కి పోసి మొక్కలు నాటుతారు. ఆ పని చూస్తే నీకు ముచ్చటేస్తుంది, నాకూ వేసింది. కాని ఖనిజం ఉన్న ఆ దిబ్బల్లోనే పక్క ఊళ్ళ తాగునీరూ ఉంది. మొగలిపొదలు బతికేదీ ఆ తీరపు నేలలోనే.

దిబ్బ మీద కురిసిన వాన లోపలికి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే. 1888లో ఘైబెన్, 1901లో హెర్జ్‌బెర్గ్ ఎవరికి వారే చెప్పిన లెక్క ఇది. క్లాసులో చదివే ఉంటావు. దాన్ని తిరగేసి చదువు. పైమట్టం అర మీటరు దిగితే అడుగున ఉప్పు 20 మీటర్లు పైకి వస్తుంది. అదీ వెంటనే కాదు, కొన్నేళ్ళు పడుతుంది. అప్పటికి నివేదిక బీరువాలో ఉంటుంది, నువ్వు ఇంకో జిల్లాలో ఉంటావు.

ఋషికుల్య ఇసుకదీ ఇదే కథ. కొంధమాల్ కొండల్లో పుట్టి 165 కిలోమీటర్లు పారి, తాబేళ్ళు వేలాదిగా గుడ్లు పెట్టే పురుణాబంధ ఒడ్డున కలుస్తుంది ఆ నది. 1866 కరువు తరవాత దీని పరీవాహకపు నీటిని పట్టడానికే సొరడ, భంజనగర్ జలాశయాలు కట్టారు. ఏటి ఇసుక లారీల కెక్కిన కొద్దీ నది అడుగు దిగుతుంది, దానితోపాటు గట్టు మీది నూతులూ దిగుతాయి, పోటు వేళ ఉప్పునీరు ఇంకాస్త ఎగువకి ఎక్కుతుంది. 2012లో సుప్రీంకోర్టు ఐదు హెక్టార్ల లోపు ఇసుక లీజులకూ పర్యావరణ అనుమతి ఉండాలన్నది ఇందుకే. చిన్న లీజు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పది చిన్న లీజులు ఒకే ఏట్లో ఉంటాయి.

ఇక నేను ఎవరికీ చెప్పని మాట. ఒకప్పుడు ఒక తీరగ్రామం పక్కన తవ్వకానికి నివేదిక రాశాను. పని ఇచ్చినవాళ్ళు తొందరపెట్టారు. కార్తీకంలో వెళ్ళాను. తుపాను వాన కురిసి నూతులన్నీ చేత్తో ముంచుకునేంత నిండుగా ఉన్నాయి. పద్నాలుగు కొలవాలి, ఆరు కొలిచాను. మిగతా ఎనిమిదీ వాటిని బట్టి ఊహించి పట్టిక నింపాను. ఎవరూ అడగలేదు. మూడేళ్ళకు వేరే పని మీద, ఎండల్లో, ఆ ఊరు వెళ్ళాను. ఒక ముసలమ్మ గ్లాసుడు నీళ్ళిచ్చింది. తాగలేకపోయాను. ఆమె నన్నేమీ అనలేదు, ‘రెండేళ్ళబట్టి పప్పు ఉడకటం లేదు నాయనా’ అంది. ఆ నీళ్ళు తోడిన నుయ్యి నా పట్టికలో ఉంది, ఊహించిన ఎనిమిదిలో ఒకటి. తవ్వకం వల్లే ఉప్పయిందో, మోటార్లు పెరిగి అయిందో ఇవాళ్టికీ తేల్చలేను. మొదటి అంకె నిజమైనదై ఉంటే తేల్చగలిగేవాణ్ణి. నా తప్పు అక్కడుంది. ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

అందుకని ఎవరేమన్నా వైశాఖంలో ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి, అదే నుయ్యి, అదే గట్టు రాయి దగ్గర నుంచి కొలు. ఒక్క ఋతువు లెక్క చాలంటారు, నిబంధన కూడా చాలా పనులకు అంతే అడుగుతుంది. నువ్వు రెండూ కొలు. కొలవని నుయ్యి ఉంటే ‘కొలవలేదు’ అని రాయి. మోటారు ఆపి ఎంతసేపయిందో అడక్కుండా టేపు దింపకు. తాగునీటిలో క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం, వేరే దారి లేకపోతే 1000 వరకు. ఆ పరీక్ష ప్రయోగశాలలో అవుతుంది. అంతకు ముందే వంటింటికి వెళ్ళు. పప్పు ఉడుకుతోందా, సబ్బు నురుగొస్తోందా, ఏ నెల నుంచి మారింది, తాగడానికి ఏ నూతికి నడుస్తున్నారు, ఇవన్నీ ఆడవాళ్ళకు తేదీలతో సహా తెలుసు. ఆ నడక దూరం కూడా నీ పుస్తకంలో ఉండాలి.

ఇంకొకటి మన భాష గురించి. గోపాలపురం నుంచి ఋషికుల్య మొగ వరకు ఒడ్డున ఉన్న మత్స్యకారుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ప్రజాభిప్రాయ సేకరణ ముందు నివేదిక సారాంశం ఒడియాలో వేస్తారు, అది సబబే. కాని వల అల్లుకుంటూ కూర్చునే అమ్మకు ఆ కాగితం చేరదు. సభకు వారం ముందే వెళ్ళి, వాళ్ళ అరుగు మీద కూర్చుని, గొయ్యి ఎంత లోతో, నీరు ఎటు దిగుతుందో తెలుగులో చెప్పు. వాళ్ళు అడిగిన ప్రశ్నలు వాళ్ళ మాటల్లోనే రాసుకో. నాకు దొరికిన మంచి ప్రశ్నలన్నీ అలా దొరికినవే. పొడంపేటలో సముద్రం ఇళ్ళను మింగుతుంటే చూసినవాళ్ళకు ఇసుక కదలిక గురించి మనం నేర్పేది తక్కువ.

నా ఉక్కు టేపు, సుద్దముక్కల డబ్బా మీ అన్నయ్యతో పంపుతున్నాను. టేపు చివర రెండడుగులు సుద్ద రాసి దింపితే తడిసిన చోటు ముదురు రంగులో తేలుతుంది. మొదటి మీటరు దగ్గర అంకెలు అరిగిపోయాయి, కొత్త టేపుతో సరిచూసి తేడా ఎంతో దాని మీదే రాయి. ఫీల్డు పుస్తకాల్లో నీలం అట్టది కూడా పెట్టాను. అందులో ఆ పద్నాలుగు నూతుల పటం ఉంది. కొలిచిన ఆరింటి చుట్టూ ఎర్రగీత గీశాను. ఈ వైశాఖంలో మిగతా ఎనిమిదింటికీ ఇద్దరం కలిసి వెళ్దాం. మోకాళ్ళు అప్పటికి సహకరిస్తాయనే అంటున్నాడు డాక్టరు.

మీ మావయ్య