తీపి జొన్న రసంలో ఈస్ట్: స్నిఫ్-1 ప్రోటీన్ నిర్మాణం, పనితీరు

పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ తీపి జొన్నను ఇంధన పంటగా తీర్చిదిద్దుటకు దీర్ఘకాలం కృషి చేసినది. ఆ కృషికి అనుబంధంగా 2007లో అప్పటి మెదక్ జిల్లా సంగారెడ్డి సమీపమున రుస్ని డిస్టిలరీస్ సంస్థ తీపి జొన్న రసం నుండి ఇథనాల్ తయారు చేసే కర్మాగారాన్ని ప్రారంభించినది. దాని సామర్థ్యం రోజుకు 40 వేల లీటర్లు. ఇబ్రహీంబాద్ గ్రామంలో రసాన్ని పొలాల చెంతనే తీసి పాకంగా కాచే చిన్న కేంద్రం కూడా ఏర్పడినది. రకాల ఎంపిక, విత్తే సమయం, కోత దశ, రైతుకు లభించే ధర మొదలైన అంశాలపై ఇప్పటికే చాలా వ్రాయబడినది. తొట్టెలో అసలు పని చేసే జీవి, అనగా ఈస్ట్ కణం, ఎదుట ఉన్న చక్కెరను ఎట్లు గుర్తిస్తుందనే విషయం మన విద్యార్థులకు అంతగా పరిచయం లేదు.

తీపి జొన్న రసంలోని చక్కెరలలో అధిక భాగం సుక్రోజ్. మిగిలినవి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. సుక్రోజ్‌ను ఈస్ట్ ప్రధానంగా కణం వెలుపలనే, ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్‌తో, గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొట్టి ఆపై లోనికి తీసుకొనును. ఈ ఎంజైమ్ ఎప్పుడు ఎంత తయారు కావాలో నిర్ణయించే వ్యవస్థకు కేంద్రం స్నిఫ్-1 ప్రోటీన్. "సుక్రోజ్ నాన్ ఫెర్మెంటింగ్", అనగా సుక్రోజ్‌ను పులియబెట్టలేనిది, అన్న మాటల నుండియే దానికి ఆ పేరు వచ్చినది.

1981లో మరియన్ కార్ల్‌సన్, డేవిడ్ బాట్‌స్టెయిన్, వారి సహచరులు గ్లూకోజ్‌పై చక్కగా పెరుగుతూ సుక్రోజ్‌ను వాడుకొనలేని ఈస్ట్ ఉత్పరివర్తకాలను వేరు చేసిరి. వాటిలో ఒకదానికి ఇన్వర్టేజ్ జన్యువు నిర్దుష్టంగా ఉన్నది, దానిని మేల్కొలిపే జన్యువు చెడినది. అట్టి కణాలు సుక్రోజ్‌పైనే గాక గెలాక్టోజ్, గ్లిసరాల్, ఇథనాల్‌లపైన కూడా పెరుగజాలవు. గ్లూకోజ్ లేనప్పుడు ప్రత్యామ్నాయ ఆహారానికి మారే శక్తినే అవి కోల్పోయినవని దీనివలన తేలినది. ఆ జన్యువు ఉత్పత్తి చేయునది ఒక ప్రోటీన్ కైనేజ్ అని 1986లో రుజువైనది. మానవ కణాలలోని ఏఎంపీ ఆధారిత కైనేజ్ దీనికి దగ్గరి బంధువని తరువాత తెలిసినది. నేడు మధుమేహ పరిశోధనలో తరచుగా వినిపించే ఆ ప్రోటీన్ కుటుంబపు కథలో సుక్రోజ్ పులియని ఈస్ట్‌కు ముఖ్యమైన స్థానమున్నది.

నిర్మాణం

స్నిఫ్-1 ఒంటరిగా పని చేయదు. మూడు ఉపఘటకాల కూటమిలో అది ఆల్ఫా భాగం. అందులో 633 అమైనో ఆమ్లాలు కలవు. మొదటి సగంలో కైనేజ్ క్షేత్రం, రెండవ సగంలో నియంత్రణ క్షేత్రం ఉండును. ఆరంభంలోనే వరుసగా 13 హిస్టిడిన్‌లు ఉండుట దీని విశేషం. అందువలన ఏ తోకా తగిలించకున్నను ఈ ప్రోటీన్ నికెల్ స్తంభానికి అంటుకొనును. ప్రోటీన్ శుద్ధిలో కొత్తగా చేరిన విద్యార్థి ఈ సంగతి ముందే తెలిసికొనుట మేలు.

కైనేజ్ క్షేత్రంలో 210వ స్థానమున ఒక థ్రియోనిన్ ఉన్నది. దానిపై ఫాస్ఫేట్ చేరిననే కైనేజ్ చైతన్యవంతమగును. గ్లూకోజ్ సమృద్ధిగా ఉన్నప్పుడు నియంత్రణ క్షేత్రం కైనేజ్ క్షేత్రంపైకి మడతపడి దానిని అణచి ఉంచును. గ్లూకోజ్ తగ్గినప్పుడు గామా ఉపఘటకమైన స్నిఫ్-4 నియంత్రణ క్షేత్రాన్ని పట్టుకొని ఆ మడతను విప్పును.

బీటా ఉపఘటకాలు మూడు రకాలు: సిప్-1, సిప్-2, గాల్-83. ఇవి ఆల్ఫా, గామాలను కలిపి ఉంచుటయే గాక కూటమి కణంలో ఎచ్చట ఉండవలెనో కూడా నిర్ణయించును. గ్లూకోజ్ కొరవడినప్పుడు గాల్-83 ఉన్న కూటమి కేంద్రకంలోనికి, సిప్-1 ఉన్నది రిక్తిక వద్దకు చేరును. సిప్-2 ఉన్నది కణద్రవ్యంలోనే నిలుచును. కైనేజ్ ఒకటే అయినను చిరునామా మారినచో అది తాకే లక్ష్యాలు మారును.

గామా ఉపఘటకంలో సీబీఎస్ అనబడే నాలుగు పునరావృత భాగాలున్నవి. ఏఎంపీ, ఏడీపీ, ఏటీపీ వంటి అణువులు బంధించుకొను గూళ్లు వీటి నడుమనే ఏర్పడును. కూటమి మధ్యభాగపు స్ఫటిక నిర్మాణాన్ని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించిరి. సంగారెడ్డి వద్ద కర్మాగారం మొదలైన సంవత్సరమూ అదియే.

శక్తి కొరతను గుర్తించు తీరు

ఇచ్చట విద్యార్థులు తరచుగా పొరబడుదురు. క్షీరద కణాలను గూర్చి చదివిన పాఠాన్ని ఈస్ట్‌కు యథాతథంగా అన్వయింతురు. రెండు ఏడీపీ అణువులు కలిసి ఒక ఏటీపీ, ఒక ఏఎంపీగా మారు చర్య కణంలో సదా సమతాస్థితికి చేరువలో ఉండును. కావున ఏటీపీ స్వల్పంగా తగ్గినను ఏఎంపీ నిష్పత్తి అనేక రెట్లు పెరుగును. క్షీరద కైనేజ్‌ను ఈ ఏఎంపీ నేరుగా ఉత్తేజపరచును. స్నిఫ్-1 విషయంలో అట్టి ప్రత్యక్ష ఉత్తేజం కనబడదు.

మరి ఈస్ట్‌లో ఏమి జరుగును? 210వ థ్రియోనిన్‌పై ఫాస్ఫేట్ చేర్చు కైనేజ్‌లు సాక్-1, టాస్-3, ఎల్మ్-1. గ్లూకోజ్ పుష్కలంగా ఉన్నప్పుడు కూడా ఇవి పని చేయగల స్థితిలోనే ఉండును. అనగా ఫాస్ఫేట్ చేర్చు చేయి సదా సిద్ధమే. మార్పు వచ్చునది దానిని తొలగించు వైపున. రెగ్-1 తోడ్పాటుతో జీఎల్‌సీ-7 అను ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేట్‌ను తొలగించును. శక్తి తగ్గి ఏడీపీ పెరిగినప్పుడు అది గామా ఉపఘటకానికి బంధించుకొని, ఫాస్ఫటేజ్‌కు థ్రియోనిన్ అందకుండా కాపాడునని 2011లో వెలువడిన పరిశోధనలు చూపినవి. గ్లూకోజ్‌ను తొలగించిన కొద్ది నిమిషాలలోనే స్నిఫ్-1 ఫాస్ఫేట్ పొందును, తిరిగి గ్లూకోజ్ అందినంతనే కోల్పోవును. ఇంతటి వేగం సాధ్యమగుటకు ఈ నిరంతర కూడిక తీసివేతలే కారణమని తలచవచ్చును.

చైతన్యవంతమైన స్నిఫ్-1 కేంద్రకంలో మిగ్-1 అను అణచివేత ప్రోటీన్‌పై ఫాస్ఫేట్ చేర్చును. మిగ్-1 కేంద్రకం నుండి వెలుపలకు పోవును, ఇన్వర్టేజ్‌కు మూలమైన సక్-2 జన్యువు మేల్కొనును. ఈ జన్యువు నుండి రెండు విధాల ఇన్వర్టేజ్ వచ్చును. కణం లోపల ఉండునది కొద్ది మోతాదులో నిత్యం తయారగును. వెలుపలకు స్రవించునది మాత్రమే గ్లూకోజ్ అదుపులో ఉండును. గ్లూకోజ్ బొత్తిగా లేనప్పటి కంటె దాదాపు 0.1 శాతం ఉన్నప్పుడే సక్-2 అధికంగా పని చేయును. విడగొట్టిన సుక్రోజ్ నుండి సన్నగా జారు గ్లూకోజే ఈ స్థితిని కల్పించును గదా!

కిణ్వన తొట్టె వద్ద

342 గ్రాముల సుక్రోజ్ 18 గ్రాముల నీటితో కలిసి 360 గ్రాముల సరళ చక్కెరలుగా మారును. వాటి నుండి సిద్ధాంతరీత్యా 184 గ్రాముల ఇథనాల్ లభించవలెను. దీనిని బట్టి క్షేత్రస్థాయిలో ఒక సందేహానికి సమాధానం చెప్పవచ్చును. కోసిన కాండాలు గానుగకు ఆలస్యంగా చేరినచో సుక్రోజ్ విచ్ఛిన్నమగును. బెల్లం వండువారికి అది నష్టమే, ఏలయనగా పాకం సరిగా గడ్డకట్టదు. ఇథనాల్‌కు సుక్రోజ్ విరుగుట మాత్రమే నష్టం కాదు, ఈస్ట్ చేయవలసిన పనియే ముందుగా జరిగినది. అసలు నష్టం లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా మొదలగునవి ఆ చక్కెరను తినివేయుట వలన, కాండం ఆరి రసం తగ్గుట వలన కలుగును. బ్రిక్స్ మీటరు ఈ భేదాన్ని చూపదు. రసం ఆరిన కాండంలో బ్రిక్స్ పెరిగినట్లు కూడా కనిపించవచ్చును. కావున బ్రిక్స్‌తో పాటు రసం పరిమాణాన్ని, క్షయకరణ చక్కెరలను, ఆమ్లత్వాన్ని కొలుచుట అవసరం.

స్నిఫ్-1ను మార్చిన ఈస్ట్‌తో ఇథనాల్ దిగుబడి పెరుగునని తొందరపడి చెప్పరాదు. పారిశ్రామిక ఈస్ట్‌లలో ఒకటికి మించిన ఇన్వర్టేజ్ జన్యువులు ఉండుట కద్దు. వాటికి సుక్రోజ్‌ను విడగొట్టుట సామాన్యంగా అడ్డంకి కాదు. చివరి గంటలలో ఫ్రక్టోజ్ మిగిలిపోవుటయే వారికి తరచుగా ఎదురగు చిక్కు, ఎందుకనగా ఈస్ట్ గ్లూకోజ్‌ను ముందుగా ఎంచుకొనును. స్నిఫ్-1 జ్ఞానం నేరుగా అక్కరకు వచ్చునది బేకరీ ఈస్ట్ పెంపకంలో. మొలాసిస్‌ను కొద్దికొద్దిగా అందించుచు గ్లూకోజ్‌ను తక్కువగా ఉంచినప్పుడే చక్కెర ఇథనాల్‌గా వృథా కాక కణరాశిగా మారును.

జొన్న మొక్కలోనూ ఈ కుటుంబానికి చెందిన స్నర్క్-1 కైనేజ్ కలదు. 1991లో రై మొక్క నుండి తీసిన ఇట్టి జన్యువును స్నిఫ్-1 లేని ఈస్ట్‌లో ప్రవేశపెట్టగా, ఆ ఈస్ట్ కోల్పోయిన శక్తిని తిరిగి పొందినది. మొక్కలలో సుక్రోజ్ సమృద్ధికి సూచికగా పెరుగు ట్రిహలోజ్-6-ఫాస్ఫేట్ ఈ కైనేజ్‌ను అణచును. తీపి జొన్న కాండంలో చక్కెర నిండు దశలో ఈ రెండింటి స్థాయిలను కణుపు వారీగా కొలుచుట స్నాతకోత్తర విద్యార్థులకు చేపట్టదగిన పరిశోధనాంశం.