అనంతపురం: ఊరు, చెరువు, చరిత్ర

మా ఊరు శింగనమల. డిగ్రీలో చేరిన కొత్తలో హాస్టల్లో కోస్తా నుంచి వచ్చిన మిత్రుడొకడు నన్ను అడిగాడు: "మీ అనంతపురంలో చూడ్డానికి ఏముంది గురూ, ఎండా రాళ్లూ తప్ప?" గడియార స్తంభం పేరు చెప్పి ఊరుకున్నాను. అంతకు మించి నాకేమీ తెలీదు. శనివారం ఊరికి పోయేటప్పుడల్లా బస్సు బుక్కరాయసముద్రం మీదుగానే పోయేది. ఆ చెరువు నుంచే ఈ ఊరు పుట్టిందని కూడా తెలీకుండా కిటికీ పక్కన కునుకు తీసేవాణ్ణి. ఆ సిగ్గుతోనే చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

ఊరి కన్నా ముందు చెరువు

విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా గట్టు వేయించి చెరువు కట్టించాడు. గట్టుకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరో కొసన అనంతసాగరం అనే ఊళ్లు వెలిశాయి. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. రాణి పేరు మీద ఆ పేరు వచ్చిందని కొందరు, బుక్కరాయలకు ఆ పేరు గల రాణి లేదు గనుక మంత్రి పేరు మీదనే వచ్చిందని మరికొందరు అంటారు. ఏదైతేనేం, చుక్క నీటి కోసం మొగులు వైపు చూసే సీమలో జనం తమ చెరువులకు 'సముద్రం', 'సాగరం' అని పేర్లు పెట్టుకున్నారు. వాళ్ల ఆశ ఎంతటిదో చూడండి!

ఆ గట్టు మీదే ముసలమ్మ కథ పుట్టింది. చెరువు తెగబోతుంటే ఊరిని కాపాడటానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ ఆత్మార్పణ చేసుకుందని జనశ్రుతి. కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' కావ్యానికి ఈ కథనే తీసుకున్నారు. మా అవ్వ కావ్యం చదివింది కాదు గానీ, ముసలమ్మ కట్ట పేరు వింటే రెండు చేతులూ జోడించేది.

చేతులు మారిన సీమ

విజయనగరం పడిపోయాక ఈ ప్రాంతం హండే నాయకుల ఏలుబడిలో ఉంది. తర్వాత గుత్తి మురారిరావు దాడులు, హైదరాలీ, టిప్పు సుల్తానుల అధికారం. 1799లో టిప్పు మరణించాక నిజాం వాటాకు వచ్చిన ఈ జిల్లాలను 1800లో ఆయన ఇంగ్లీషు కంపెనీకి ఒప్పజెప్పాడు. అప్పటి నుంచి 'దత్తమండలాలు' అన్నారు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కొంతకాలం అనంతపురాన్నే కేంద్రంగా చేసుకున్నాడు. తర్వాత బళ్లారి జిల్లాలో భాగమై, 1882లో అనంతపురం వేరే జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో అందులోంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది.

చదువుల గడప

1916లో దత్తమండల కళాశాలగా మొదలైనదే నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. అక్కడ సర్వేపల్లి రాధాకృష్ణన్ కొద్దికాలం పాఠాలు చెప్పారు, నీలం సంజీవరెడ్డి చదువుకున్నారు. ఇద్దరూ తర్వాత రాష్ట్రపతులయ్యారు. నాకు అంతకంటే గొప్పగా తోచేది ఇంకొకటి. ఆ కళాశాల అధ్యాపకుడు చిలుకూరి నారాయణరావుగారు 1928లో నంద్యాల సభలో 'దత్తమండలాలు' అనే పేరు వద్దని, 'రాయలసీమ' అనే పేరు సూచించారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అనే గుర్తు పోయి, మనకంటూ ఒక పేరు వచ్చింది. ఒక తెలుగు పంతులు చేసిన పని అది! తర్వాత 1946లో ఇంజనీరింగు కళాశాల, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చాయి.

ఇక గడియార స్తంభం. స్వాతంత్ర్యానికి గుర్తుగా కట్టినది. 15 అడుగుల వ్యాసం, 8 పలకలు, 47 అడుగుల ఎత్తు, అంటే 15-8-47 అని ఊళ్లో చెప్పుకుంటారు. రోజూ దాని కింద టీ తాగే మనలో ఎంతమంది ఆ పలకలు లెక్కపెట్టాం?

కరువు ఊళ్లో వరద

ఇక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వానలు మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. అందుకే పెద్దలు ఊరూరా చెరువులు తవ్వించారు. మా శింగనమల శ్రీరంగరాయల చెరువు కూడా అట్లాంటిదే. అది నిండిన ఏడు మా ఊళ్లో పెండ్లిండ్లు ఎక్కువ, ఎండిన ఏడు బెంగళూరు బస్సులకు రద్దీ ఎక్కువ.

అట్లాంటి కరువు ఊళ్లో 2022 అక్టోబరులో పండమేరు, నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. మోకాటి లోతు నీళ్లలో పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని గది ఖాళీ చేసిన మిత్రులు మనలోనే ఉన్నారు. దేవుడి మీద నింద వేస్తే చెల్లదు. వంకలు పారే దారిలో మనం ఇండ్లు కట్టుకున్నాం. నీళ్లు తమ పాత దారి వెతుక్కున్నాయి. ఆరున్నర శతాబ్దాల కిందటి వాళ్లకు తెలిసిన నీటి దారి, పటాలూ యంత్రాలూ ఉన్న మనకు తెలియకుండా పోయింది.

మిత్రులారా, హంపి చూడ్డానికి బస్సు మాట్లాడుకుంటాం. మంచిదే. ఒక ఆదివారం పొద్దున్నే ముసలమ్మ కట్ట దాకా కూడా నడుద్దాం రండి. వంక ఎక్కడ పుట్టి ఎక్కడ పోతుందో ఒక కాగితం మీద గీసుకుందాం. ఆ కోస్తా మిత్రుణ్ణి కూడా పిలిచాను. వస్తానన్నాడు.