మీ కెమెరాకి సొంత నాయిస్ ప్రొఫైల్ తయారు చేసుకోవడం ఎలా?

రాత్రి తీసిన పెళ్లి ఫొటోల్లో చుక్కలు పోవాలని నాయిస్ రిడక్షన్ స్లైడర్ చివరిదాకా లాగేస్తే, చుక్కలతోపాటు పట్టుచీర జరీ కూడా పోతుంది. ముఖాలైతే మైనపు బొమ్మలే! మీ సెన్సర్ ఏ ఐఎస్ఓ దగ్గర ఎంత నాయిస్ ఇస్తుందో సాఫ్ట్‌వేర్‌కి ముందే తెలిస్తే అంతవరకే తీస్తుంది. ఆ కొలతే ప్రొఫైల్.

నేను వాడేది డార్క్‌టేబుల్, ఉచితం. చాలా మోడల్స్‌కి ప్రొఫైల్స్ అందులోనే ఉన్నాయి. మీది లేకపోతేనే ఈ శ్రమ.

కెమెరాని ట్రైపాడ్‌కి బిగించి రా ఫార్మాట్, మాన్యువల్ మోడ్ పెట్టండి. ఫ్రేమ్‌లో ఒకవైపు తెల్లగా పేలిపోయే వెలుగు, ఇంకోవైపు చీకటి ఉండాలి. కిటికీ, పక్కనే నల్ల గుడ్డ చాలు. ఫోకస్ మాత్రం పూర్తిగా చెడగొట్టండి. వింతగా ఉందా? గుడ్డ అల్లిక కనిపించిందంటే టూల్ దాన్నీ నాయిస్ లెక్కలో వేసేస్తుంది. ఇక వెలుగూ చీకటీ రెండూ ఎందుకంటే, నాయిస్ అంతటా ఒకేలా ఉండదు. వెలుగు నాలుగింతలైతే నాయిస్ సుమారు రెండింతలే అవుతుంది. అందుకే నీడల్లోనే మన కంటికి ఎక్కువగా గుచ్చుకుంటుంది.

ఐఎస్ఓ 100, 200, 400... ఇలా పైదాకా ఒక్కో షాట్ తీయండి. ఐఎస్ఓ రెట్టింపు చేసినప్పుడల్లా షట్టర్ టైమ్ సగం చేయాలి. మధ్యలో ఉండే 320 లాంటివి సాఫ్ట్‌వేరే లెక్క కట్టుకుంటుంది.

తర్వాత లినక్స్‌లో, డార్క్‌టేబుల్‌తో వచ్చే జెన్-నాయిస్‌ప్రొఫైల్ స్క్రిప్ట్‌కి ఆ ఫోల్డర్ చూపించండి. ప్రొఫైల్‌తోపాటు గ్రాఫ్‌లు కూడా ఇస్తుంది. సరిచేశాక గీతలు దాదాపు అడ్డంగా, తిన్నగా ఉండాలి. ఏ ఐఎస్ఓ దగ్గర వంకర కనిపిస్తే ఆ షాట్ ఒక్కటే మళ్లీ తీయండి.