శనివారం జనం, సోమవారం పాట

యానాంలో పుట్టి, ఉద్యోగం పేరుతో పుదుచ్చేరి చేరి, సాయంత్రాలు గిటారు పట్టుకుని సొంత పాటలు పాడుకుంటూ తల నెరిసిపోయినవాణ్ణి. ఇప్పుడు మా మేనకోడలు అదే దారి పడతానంటోంది. సినిమా పాటలు పాడదట. తను రాసి, తను ట్యూను కట్టినవే పాడుతుందట. వద్దనే మొహం నాకు లేదు కాబట్టి తెలిసినవి రాసిస్తున్నాను. వరస మాత్రం నా ఇష్టం.

1. ఈ ఊళ్ళో వారం వారం జనం మారిపోతారు, అది ముందు బుర్రకెక్కించుకో. శుక్రవారం రాత్రి ఈసీఆర్ తీరం రోడ్డు మీద చెన్నై కార్లు, ఆ వెనకే బెంగళూరు బస్సులు దిగుతాయి. ఆదివారం పొద్దుగూకేసరికి వైట్ టౌన్ ఖాళీ. నువ్వు అవే పాటలు ఏళ్ళ తరబడి పాడినా ‘మళ్ళీ ఇదేనా’ అనేవాడు ఉండడు. సెలవుకొచ్చినవాడు రెండో గ్లాసు దగ్గర దేనికైనా చప్పట్లు కొడతాడు. అవి నీ పాటకా, సముద్రపు గాలికా, రేపు ఆఫీసు లేదన్న సంబరానికా అన్నది తేలదు. నేను చూసుకునే లెక్క వేరు. నీ పాట ప్రతి వారం తప్పించుకోలేక వినేవాళ్ళు కొందరుంటారు: సర్వర్లు, వంటింట్లో కుర్రాళ్ళు, గేటు దగ్గర వాచ్‌మన్. వాళ్ళకి తెలుగు రాదు. అందులో ఒకడు సోమవారం మధ్యాహ్నం ఖాళీ బల్ల తుడుస్తూ నీ పల్లవి కూనిరాగం తీశాడనుకో, ఆ పాట నిలబడ్డట్టే. నెలలు గడిచినా ఎవరి నోటికీ ఎక్కలేదంటే ట్యూను మళ్ళీ విప్పి చూడు.

2. తెలుగు పాటకి ఇక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. పాట కంటే పొడుగ్గా దాని అర్థం వివరిస్తేనే లేచిపోతారు. తమిళంలో రెండు ముక్కలు చెప్పి మొదలుపెట్టు, యాస గురించి సిగ్గుపడకు. పక్కనే ఆరోవిల్‌లో కృష్ణ మెకెంజీ ఉన్నాడు కదా, పుట్టింది ఇంగ్లండులో. ‘ఎమర్జెన్స్’ బ్యాండుతో ఇంగ్లీషులోనూ తమిళంలోనూ పాడతాడు. స్థానిక తిండి గురించి, మట్టి గురించి చెబుతాడు. ఆయన తమిళానికి ఎవరూ మార్కులు వెయ్యగా నేను చూడలేదు.

3. అయితే ఏడాదికోసారైనా యానాంలో పాడు. ఇక్కడ అర్థం కాని భాష చాటున నీరసమైన చరణాలు దాక్కుంటాయి. అక్కడ మొదటి వరసలో కూర్చున్న పెద్దమ్మే పట్టేస్తుంది.

4. పాటకి కూడు పెట్టేది ఇంకొకటి ఉండాలి. మెకెంజీకి 1996 నుంచి సాలిట్యూడ్ అనే పొలం ఉంది. నాకు గుమాస్తా ఉద్యోగం ఉండేది. నీ చేతిలో డిగ్రీ ఉంది, దాన్ని అటకెక్కించకు. ఎందుకంటే ఈ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మేడ మీద, పెరట్లో వేసే స్టేజీలకి ఏ పూటకా పూట భరోసా లేదు. పాడేవాళ్ళకి ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ డబ్బొచ్చే రాత్రి డిసెంబరు 31. 2011లో థానే తుఫాను సరిగ్గా దాని ముందురోజు తీరం దాటింది. చెట్లు కూలి, కరెంటు పోయి, ఊరు చీకటైపోయింది. పాటెవరిక్కావాలి? 2024లో ఫెంగల్ నవంబరు ఆఖర్లో వచ్చి వీధులు ముంచేసింది. ఆ మూడు నెలలు బయట ప్రోగ్రాములు లేవనే అనుకుని, గదిలో కూర్చుని రాసుకో.

5. గిటారుకి ఉప్పు శత్రువు. బీచి రోడ్డుకి రెండు వీధుల దూరంలో పాడినా సరే. చుట్టు లేని సన్న తీగలు రెండూ ముందు తుప్పు పడతాయి. ఎడమ చెయ్యి జార్చినప్పుడు వేలికి గరుగ్గా తగిలి, చివర గోధుమరంగు గీత పడుతుంది. పాడ్డం అవగానే పాత నూలుగుడ్డతో ఒక్కో తీగనీ పైనా కిందా తుడిచి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూసెయ్. వానల్లో బ్రిడ్జి దగ్గర చెక్క ఉబ్బి తీగలు ఎత్తవుతాయి, బార్ కార్డు నొక్కితే మణికట్టు లాగేస్తుంది. కంగారుపడి శాడిల్ అరగదీయించకు. ఎండలొచ్చి చెక్క దిగితే తీగలన్నీ ఫ్రెట్లకి తగిలి జీరగా మోగుతాయి. మైకుకి స్పాంజి తొడుగు కూడా నీదే పట్టుకెళ్ళు. సముద్రం వైపు నుంచి వీచే గాలి మైకులో పడితే నీ మాటలన్నీ బుసలే.

6. జూన్ 21న ఉచితంగా పాడు. 22 నుంచి డబ్బడుగు. ఆ రోజు జరిగే ఫెత్ ద లా మ్యూజిక్ పండగ 1982లో ఫ్రాన్సులో, అప్పటి సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ హయాంలో మొదలైంది. నేర్చుకునేవాడూ ఆరితేరినవాడూ ఒకే రోజు వీధిలోకొచ్చి పైసా తీసుకోకుండా వాయించాలన్నది దాని పద్ధతి. మన ఊళ్ళో అలయన్స్ ఫ్రాన్సేజ్ వాళ్ళు జరుపుతుంటారు. పర్యాటకులతో పాటు ఊరివాళ్ళు కూడా పిల్లాజెల్లాతో వచ్చి నిలబడేది అప్పుడే. ఆ ముసుగులో ‘పేరొస్తుంది కదా’ అని మిగతా రోజుల్లో ఊరికే పాడించుకోవాలని చూసే హోటళ్ళకి నవ్వుతూ దణ్ణం పెట్టు.

7. ఇది కొంచెం పెద్దది, ఓపిగ్గా చదువు. తమిళ కవి భారతి 1908లో బ్రిటిషు పోలీసులకు దొరక్కుండా ఈ ఫ్రెంచి ఊరికొచ్చి, 1918 దాకా ఉన్నాడు. రాసి, రాగం కట్టి, తనే గొంతెత్తి పాడినవాడు. మీరు ఇండీ అనే జాతికి ఈ వీధుల్లో మూలపురుషుడు ఆయనే అంటాను, పండితులు కోప్పడితే పడనీ. ‘కణ్ణన్ పాట్టు’, ‘కుయిల్ పాట్టు’ ఇక్కడ పుట్టినవే. 1921లో పోయాడు. ఆ తర్వాత ఆయన పాటలు గ్రామఫోనుకీ సినిమాకీ వాడుకునే హక్కు ఓ వ్యాపారి చేతికెళ్ళి, అక్కడి నుంచి సినిమా నిర్మాత ఏవీ మెయ్యప్పన్ చేతికొచ్చింది. 1947లో ‘నామ్ ఇరువర్’లో ఆ పాటలు మోగాయి. 1949లో మద్రాసు ప్రభుత్వం హక్కులు తీసుకున్నాకే అవి జనం సొత్తయ్యాయి. బతికుండగా ఆయనకి అచ్చు ఖర్చులకే డబ్బు పుట్టలేదు.

నీ రోజులు అంత అన్యాయంగా లేవు. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. సినిమాకో రికార్డు కంపెనీకో పాట ఇచ్చేసినా, రాసినవాళ్ళకీ ట్యూను కట్టినవాళ్ళకీ రావాల్సిన రాయల్టీ వాటాని సంతకంతో వదిలేసుకోవడం కుదరదు. ఒప్పందంలో కాలం రాయకపోతే అయిదేళ్ళే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే కంపెనీలు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాస్తాయి. ఆ రెండు మాటలు కనిపించిన చోట పెన్ను మూసి, కాయితం ఇంటికి తెచ్చుకుని చదువు. రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటా నమోదు చెయ్. పాటలో గిటారు ముక్క కట్టిచ్చిన స్నేహితుడికి ఎంత వాటా అన్నది రికార్డింగ్ రోజే వాట్సాప్‌లో రాసేసుకోండి. పాట పేరు తెచ్చుకున్నాక కూర్చుంటే స్నేహాలే చెడతాయి.

8. రాత్రి పదింటికి ఆరుబయట లౌడ్‌స్పీకరు ఆగాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అవి. మేడమీది రెస్టోబార్ యజమాని ‘ఏం పర్లేదు, ఇంకో రెండు’ అంటాడు. పోలీసులొస్తే మాట్లాడాల్సింది అతనే అయినా, మైకు ముందు నిలబడి ఉండేది నువ్వు. నీ మంచి పాటని ఆఖరికి దాచకు. తొమ్మిదిన్నరకే పాడెయ్.

9. హైదరాబాదు నుంచి వచ్చిన బల్ల ఒకటి తప్పకుండా ఉంటుంది. నువ్వు తెలుగని తెలియగానే ‘అక్కా, ఒక్క సినిమా పాట’ అంటారు. ఒకటి పాడు, తప్పేం లేదు. రెండోది అడిగితే నీది పాడు.

10. డబ్బు. సగం అడ్వాన్సు, మిగతాది స్టేజీ ఎక్కేముందు. కంపెనీ ప్రోగ్రామైతే మామూలుగా పది శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తారు. అది నీ పాన్ మీద జమైందో లేదో చూసుకో, రిటర్ను వేస్తే వెనక్కి రావచ్చు. భోజనం, రాత్రి బండి ఫీజులో కలపనివ్వకు, విడిగా రాయించు. ఒంటరిగా ఆటోలో బయల్దేరొద్దు, ఫోన్ చేస్తే నేనొస్తాను. సౌండ్ చెక్‌కి వెళ్ళేటప్పుడు పాటల చీటీ రెండు కాపీలు రాసుకో, ఏ పాటకి క్యాపో ఏ ఫ్రెట్లో అన్నది పక్కనే వేసి. ఒకటి నీకు. రెండోది మిక్సరు దగ్గర కూర్చునే కుర్రాడికి, పేరు అడిగి మరీ ఇవ్వు.