లీలావతీ క్షేత్రవ్యవహారమున ఉదాహరణక్రమము – దాని బోధనాప్రయోజనము

సంస్కృత గణితగ్రంథములలో సూత్రము, ఉదాహరణము అను రెండు భాగములు ప్రధానముగా కన్పట్టును. సూత్రము విధిని చెప్పును. ఉదాహరణము ఆ విధికి విషయమును చూపును. ఉదాహరణమునకే ఉద్దేశకమని నామాంతరము. ఆర్యభటీయమునకు క్రీ.శ. 629లో భాష్యము రచించిన ప్రథమ భాస్కరుడు ముందుగా ఉద్దేశకమును చెప్పును. పిదప దత్తములైన సంఖ్యలను వ్రాసి చూపు న్యాసము, ఆ తరువాత లెక్క నడుపు తీరును తెలుపు కరణము వచ్చును. కొన్నియెడల వచ్చిన ఫలమును పరీక్షించు ప్రత్యయకరణమును కూడ ఆయన చూపినాడు. అభ్యాసము శాస్త్రమునకు అనుబంధము కాదనియు, శాస్త్రమున భాగమే యనియు దీనివలన స్పష్టమగుచున్నది.

అయితే గ్రంథకర్త ఉదాహరణములను ఏ వరుసలో కూర్చెను, ఆ వరుసవలన విద్యార్థికి కలుగు లాభమేమి అనునది విచారింపదగిన విషయము. భాస్కరాచార్యుని లీలావతిలో (క్రీ.శ. 1150) జాత్యత్ర్యస్రమునకు, అనగా లంబకోణ త్రిభుజమునకు, సంబంధించిన మూడు ఉదాహరణములు ఇందుకు చాలును.

మొదటిది వెదురు. సమతలమున నిలిచిన 32 మూరల వెదురు గాలికి ఒకచోట విరిగినది. దాని కొన మొదటికి 16 మూరల దూరమున నేలను తాకినది. ఎంత యెత్తున విరిగినదని ప్రశ్న. నిలిచిన భాగము కోటి, వాలిన భాగము కర్ణము, నేలమీది దూరము భుజము. కోటికర్ణములు విడివిడిగా తెలియవు; వాని మొత్తము 32 అని మాత్రమే తెలియును. భుజవర్గమైన 256ను 32చే భాగింపగా 8 వచ్చును. ఇది కర్ణకోటుల భేదము. మొత్తమును భేదమును తెలిసినపుడు సంక్రమణవిధిచే రెండు రాశులును లభించును: 32లో 8 తీసి సగము చేయగా కోటి 12, కూడి సగము చేయగా కర్ణము 20. ప్రత్యయము: 144, 256 కూడగా 400, అది 20కి వర్గము.

రెండవది నెమలి. 9 మూరల స్తంభముపై నెమలి యున్నది. స్తంభపు మొదట పాముకలుగు కలదు. స్తంభపు ఎత్తునకు మూడింతల దూరమున, అనగా 27 మూరల దూరమున, పాము కలుగువైపు వచ్చుచుండగా నెమలి దానిపై ఏటవాలుగా దూకినది. రెండును సమానదూరము సాగినవి. కలుగునకు ఎంత దూరమున అవి కలిసినవి? నెమలి సాగిన దూరము కర్ణము. పాము సాగినదియు అంతియే. కావున కర్ణమును, కలుగునుండి కలిసిన చోటి వరకు గల దూరమును కూడిన 27. 9కి వర్గము 81ని 27చే భాగింపగా భేదము 3. కలిసిన చోటు కలుగునకు 12 మూరలు, కర్ణము 15.

మూడవది తామర. సరస్సులో తామరమొగ్గ కొన నీటికి జానెడు, అనగా అరమూర, ఎత్తున నున్నది. మెల్లని గాలికి కదలి అది 2 మూరల దూరమున నీట మునిగినది. నీటి లోతెంత? తామరకాడ పొడవు కర్ణము, నీటిలోతు కోటి. ఇచట మొత్తము తెలియదు. భేదము అరమూర అని తెలియును. భుజవర్గమైన 4ను అరచే భాగింపగా మొత్తము 8 వచ్చును. అందుండి అర తీసి సగము చేయగా లోతు మూడుముప్పాతిక మూరలు.

ఈ క్రమము యాదృచ్ఛికముగా తోచదు. వెదురులో నిలిచియున్న క్షేత్రమే నెమలిలో నేలపై పరుండినది. వస్తువు మారినను లెక్క మారలేదు. తామరలో దత్తాంశమే మారినది. మొత్తమునకు బదులు భేదము తెలిసినది. అయినను విధి ఒక్కటియే: భుజవర్గము కర్ణకోటుల మొత్తమును భేదముచే గుణించినదానికి సమానము. మొదట రూపభేదమును, పిదప దత్తభేదమును దాటి విద్యార్థి సూత్రపు హృదయమును చేరును.

దీనికి ఉపపత్తి కూడ సులభము. 20 మూరల భుజము గల చతురస్రమునుండి ఒక మూల 12 మూరల చతురస్రమును తొలగింపవలెను. మిగిలినది 8 మూరల వెడల్పు గల వంకరపట్టీ. దానిని ఖండింపగా 20 పొడవున్నది ఒకటి, 12 పొడవున్నది ఒకటి వచ్చును. రెండింటిని కొనలు కలిపి చేర్చిన 32 పొడవు, 8 వెడల్పు గల ఆయతము ఏర్పడును. దాని ఫలము 256; అదియే భుజవర్గము. సూత్రమును కంఠస్థము చేయుటతో ఆగినచో ఈ కారణము తెలియదు. క్రీ.శ. 1545లో గణేశ దైవజ్ఞుడు బుద్ధివిలాసినీ వ్యాఖ్యలో ఉపపత్తులకు ప్రాధాన్యమిచ్చుట ఇందువలననే సార్థకము.

ఇదే వెదురును బీజరీతిని సాధింపవచ్చును. కోటిని యావత్తావత్తు అనుకొనిన, కర్ణము 32లో యావత్తావత్తు తక్కువ. వర్గములను సమీకరించి, ఇరుపక్షములందును సమానమైన యావత్తావద్వర్గమును తొలగింపగా 64 యావత్తావత్తులు 768కి సమానమగును. ఒక యావత్తావత్తు 12. పాటీగణితము, బీజగణితము, క్షేత్రగణితము మూడును ఒకే వెదురుకడ కలిసికొన్నవి.

నేటి ఉన్నతపాఠశాలలో ఈ మూడును వేరువేరు అధ్యాయములు. అధ్యాయశీర్షికయే ఏ సూత్రము వాడవలెనో విద్యార్థికి చెప్పివేయును. శీర్షిక తొలగిన వెంటనే అతడు తడబడును. త్రైరాశికముననే దీనిని చూడవచ్చును. ఏడు ఆఢకముల మానముతో కొలువగా ధాన్యము నూరు మానములైనది. ఐదు ఆఢకముల మానముతో కొలిచిన ఎన్ని యగునని లీలావతి అడుగును. యాంత్రికముగా నూటిని ఐదుచే గుణించి ఏడుచే భాగించువాడు నూటికి తక్కువ తెచ్చును. మానము చిన్నదైన కొలతలు పెరుగవలెనని ఒక్కక్షణము తలచువాడు వ్యస్తత్రైరాశికమును గుర్తించి 140 తెచ్చును. అభ్యాసము నేర్పవలసినది ఆ ఒక్కక్షణపు విచారమును.

ప్రాచ్యకళాశాలల బాధ్యత ఇచటనే కలదు. లీలావతిని శ్లోకసౌందర్యమునకై చదివి లెక్కను విడిచిన విద్యార్థి గ్రంథమును సగమే చదివినవాడు. లెక్కను గ్రహించి శ్లోకమును విడిచిన గణితాధ్యాపకుడును అంతియే. తెలుగున ఈ రెండును కలిపి చూచినవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలిగించుచు ఆయన గణితమును పద్యమున నిలిపినాడు. పూర్వులకు అన్నియు తెలిసియుండెనని చాటుటవలన విద్యార్థికి లెక్క రాదు. వారు నేర్పిన తీరును తరగతిలో నడుపుటయే వారికి గౌరవము.

ఆచరణమున ఇది కష్టము కాదు. ఈ మూడు ఉదాహరణములను మొదట వరుసగా చెప్పించి, కొన్నాళ్లకు వరుస చెరిపి, సంఖ్యలు మార్చి, శీర్షిక లేకుండ ఇయ్యవలెను. విద్యార్థి ముందుగా క్షేత్రమును గీచి న్యాసము చేయవలెను. తెలిసినది మొత్తమా, భేదమా యని నోట చెప్పవలెను. ఒకసారి పాటీరీతిని, ఒకసారి బీజరీతిని సాధింపవలెను. తుదకు ప్రత్యయము చూపవలెను. ప్రత్యయము చూపని లెక్క, ఫలము సరియైనను, పూర్తికానిదిగా ఎంచవలెను. పాటి యనగా త్రైరాశికమనియు, బీజమనగా నిర్మలమైన బుద్ధియే యనియు భాస్కరాచార్యుడు చెప్పిన మాటకు తరగతిగదిలో అర్థము ఇట్లు సిద్ధించును.